రేడియేటర్‌లో పసుపు

ముహూర్తాల మీద రాశాను. వాస్తు మీద రాశాను. పెళ్లిలో కన్యను దానం చేయడమేమిటని రాసినందుకు సొంత మేనమామ ఇంటికి రాకపోకలు పోగొట్టుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఇతరుల మనసుల్లోని చీకటి గురించి ఇంత రాసినవాణ్ని, నా మనసులో ఉన్న ఒక మూల గురించి మాత్రం ఎక్కడా ఒక్క వాక్యం రాయలేదు. నాకు ఒక మనిషి మీద అసూయ. అతను పండితుడు కాడు, నాయకుడు కాడు, నాకంటే బాగా రాసేవాడూ కాడు. కార్ల రేడియేటర్లకు మాట్లు వేసేవాడు. నా ఈడువాడే. పేరు యూసుఫ్.

పోయిన నెల యారాడ కొండ ఎక్కుతుంటే మా కారు వేడెక్కింది. సూది ఎర్రగీత దాటింది, బానెట్ అంచుల నుంచి ఆవిరి వచ్చింది. ఇంజన్ ఆపి, టైర్ల వెనక రాళ్లు పెట్టి, రోడ్డు పక్క నీడలో కూర్చున్నాను. మా ఆవిడ "మూత తీసి నీళ్లు పోస్తే సరిపోదా?" అంది. "ముప్పావుగంట దాకా దాని జోలికి వెళ్లకు" అన్నాను. నా గొంతు విని ఆమె నీళ్ల సీసా మళ్లీ సంచిలో పెట్టేసింది. మర్నాడు షోరూములో టై కట్టుకున్న అబ్బాయి కంప్యూటర్‌లో చూసి, "రిపేరు ఉండదు సార్, మొత్తం యూనిట్ మార్చాలి. ట్యాంకు ప్లాస్టిక్, లోపల అల్యూమినియం. అతికించే పని మేం చెయ్యం" అన్నాడు. నేను బయటికి వస్తుంటే బండ్లు కడిగే మనిషి వెంట వచ్చి, "అచ్యుతాపురం రోడ్డులో ఓ పెద్దాయన ఉన్నారండి. కంపెనీ బస్సులన్నీ ఆయన దగ్గరికే ఎల్తాయి. యూసుఫ్ భాయ్ అంటారు" అన్నాడు. ఆ పేరు విన్న క్షణంలో నా ఛాతీలో లేచింది కుతూహలం కాదు, పాత పరిచయం తాలూకు సంతోషమూ కాదు. ఇరవై రెండేళ్ల వయసులో లేచిన మంటే, అదే చోట.

అప్పుడు మేం పోర్టు క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పెళ్లికి ముందే వచ్చి పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. మా ఇంట్లో ఉతికిన బట్టలు తెల్లగా ఉండేవి కావు. తీగ మీద ఆరేసిన చీర సాయంత్రానికి ఇనుప ఖనిజం ధూళి పట్టి పల్చటి ఎరుపు తిరిగేది. మా అమ్మ ప్రతి చీరనూ రెండు చేతులతో దులిపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు మడత పెట్టేది. గాలి సముద్రం మీంచి వస్తే ఇల్లంతా ఉప్పువాసన, నేల వైపు నుంచి వస్తే ఎరువుల ఫ్యాక్టరీ ఘాటు. వీటన్నిటి కింద శాశ్వతంగా ఉండేది మా నాన్న చేతుల వాసన. షిఫ్టు నుంచి రాగానే కిరసనాయిలుతో గ్రీజు వదిలించి, తర్వాత సబ్బుతో మూడుసార్లు కడిగేవాడు. ఎంత కడిగినా అన్నం ముద్ద నోటి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ వాసన నాకు తెలిసేది. ఆయన మాట తక్కువ. పొగడ్త ఇంకా తక్కువ. ఒక మనిషి గురించి ఆయన చెప్పగల అతి పెద్ద మాట "వాడి చెయ్యి మంచిది" అన్నదే. ఒక క్రేను డ్రైవరు గురించి అన్నాడు. ఒక వెల్డరు గురించి అన్నాడు. మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన గురించి రెండుసార్లు అన్నాడు. నా గురించి ఎప్పుడూ అనలేదు. అనడానికి నా చేతులు చేసిన పనేదీ లేదు కూడా.

నేను నోటితో బతకదలచినవాణ్ని. ప్రతి శనివారం ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద గదిలో మా చర్చావేదిక సమావేశమయ్యేది. ఒకడు దేవుడున్నాడని వాదించాలి, ఇంకొకడు లేడనాలి, వారం తిరగ్గానే పక్షాలు మారాలి. మాకు తర్ఫీదు ఇచ్చిన పెద్దలు మొదట చెప్పిన సూత్రం ఒకటే: దేన్నయినా స్వయంగా చూడు, తెలిసినవాణ్ని అడుగు, పరీక్షించు, ఆ తర్వాత నోరు విప్పు. ఆ సూత్రం నాకు కంఠస్థం. దాన్ని వివరిస్తూ అరగంట మాట్లాడగలిగేవాణ్ని.

అలాంటి రోజుల్లో మా నాన్న ఒక పాత కారు కొన్నాడు. ఎవరో కాంట్రాక్టరు వాడి వాడి వదిలేసిన తెల్ల కారు. దాని మీద మా నాన్నకున్న మోజు చూస్తే నాకు నవ్వొచ్చేది, తర్వాత నవ్వు పోయింది. ఆదివారం తెల్లారేసరికి ఆయన వాకిట్లో గోనెపట్టా పరిచి పానాలు వరసగా పేర్చేవాడు. ఆ కారుకున్న ఒకే ఒక్క జబ్బు వేడి. "ఇంజన్‌కి జొరం వస్తే దింపేది ఇదేరా" అని మొదటి ఆదివారం నన్ను కూర్చోబెట్టి రేడియేటర్ చూపించాడు. పైన ఇత్తడి ట్యాంకు, కింద మరో ట్యాంకు, రెంటి మధ్యన పుల్లల్లాంటి సన్నటి గొట్టాలు, గొట్టాల చుట్టూ కాగితం మందాన రాగిరేకులు. ఇంజన్‌లో కాగిన నీళ్లు పై ట్యాంకులోకి వచ్చి, గొట్టాల్లోంచి దిగుతూ రేకులకు తగిలే గాలికి చల్లబడి, మళ్లీ ఇంజన్‌లోకి వెళతాయి. ఖనిజం ధూళి రేకుల మధ్య పేరుకుంటే గాలి ఆడదు. సముద్రం పక్క బావుల ఉప్పునీళ్లు పోస్తే లోపల గొట్టాలు తినేస్తాయి. అందుకని మా ఇంట్లో కారుకు వేరే నీళ్లుండేవి. అమ్మ కుళాయి నీళ్లు కాచి, చల్లార్చి, వడగట్టి ఒక డబ్బాలో పోసి ఉంచేది. ఆ డబ్బా ఎప్పుడూ డిక్కీలో ఉండేది. మూత దగ్గర మాత్రం మా నాన్న వేలు పైకెత్తి చెప్పాడు. "దీని కింద స్ప్రింగుంది. అది నీళ్లని నొక్కిపట్టి ఉంచుతుంది. వేడి మీద తీశావంటే మొహం మీదకొస్తుంది. చల్లారాకే, తడిగుడ్డేసి, సగం తిప్పి, బుస్సుమనడం ఆగాక మిగతా సగం." నేను విసుగ్గా తలూపాను. ఒత్తిడి పెరిగితే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందని నాకు తెలుసు. ప్రెషర్ కుక్కర్ మీద నేను అప్పటికే ఒక సైన్సు వ్యాసం రాసి ఉన్నాను.

రెండో ఆదివారం నాకు పని అప్పగించాడు. రేడియేటర్ విప్పి, దాని మూతులకు రబ్బరు బిరడాలు బిగించి, అమ్మ బట్టలు నానబెట్టే సిమెంటు తొట్టిలో ముంచాడు. సైకిలు పంపుతో గాలి కొడితే ఎక్కడ బుడగలు వస్తాయో అక్కడ చిల్లు. "మెల్లగా కొట్టు. రెండు కొట్లు కొట్టి ఆగు" అన్నాడు. శనివారం నాటి చర్చలో నాకు తట్టని జవాబు ఒకటి అప్పుడే తట్టింది. దాన్ని మనసులో అప్పజెప్పుకుంటూ పంపు కొడుతూ పోయాను. బిరడా ఎగిరి పక్కనే ఉన్న అమ్మ కాలి మెట్టెలకు తగిలింది. పాత అతుకొకటి టప్పున విచ్చుకుంది. మా నాన్న తిట్టలేదు. తొట్టిలోంచి రేడియేటర్ ఎత్తి, నీళ్లు ఓడ్చి, నా చేతిలో పంపు తీసుకుని, "నువ్వెళ్లి చదువుకోరా" అన్నాడు. నా స్నేహితుల ఇళ్లలో కొడుకులు వినాలని తపించే మాట అది. నాకది బహిష్కరణలా వినిపించింది.

ఆ మధ్యాహ్నం విడదీసిన రేడియేటర్‌ను రిక్షాలో వేసుకుని పాతనగరానికి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు రేడియేటర్‌తో పాటు యూసుఫ్‌ను కూడా వెంటబెట్టుకొచ్చాడు, బిగించిపెట్టడానికి. సన్నటి మనిషి, వాళ్ల మేనమామ దుకాణంలో మాట్లు వేసేవాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఇంకో అతుకు దగ్గర నీటి చెమ్మ కనిపించి, అక్కడికక్కడే సరిచేస్తానన్నాడు. చెడిన సీసం గీకేశాడు, కుంచెతో యాసిడ్ రాశాడు, బ్లోల్యాంపు మంటను ఒకచోట నిలపకుండా అటూ ఇటూ ఆడిస్తూ మాటు తీగ తాకించాడు. సీసం కరిగిన నెయ్యిలా అతుకంతా పాకింది. అతను ఊపిరి బిగపట్టలేదు, నాలుక కరుచుకోలేదు, ఎవరితోనో కబుర్లాడుతున్నంత తేలిగ్గా చేశాడు. మా నాన్న వంగి చూసి అమ్మతో, "వీడి చెయ్యి మంచిది" అన్నాడు. మొదటి రోజునే. ఇరవై రెండేళ్లు ఆ మాట కోసం ఎదురు చూశానని నాకు ఆ క్షణందాకా తెలియదు.

తర్వాత ఆదివారాలన్నీ యూసుఫ్‌వే. ఒక వారం గొట్టాల్లో సన్నటి కమ్మీ దూర్చి తుప్పు తోసేవారు, ఇంకో వారం హోసులు మార్చేవారు. మా నాన్న పని తీరు ఒకటుండేది. మాటు వేసేటప్పుడు గాలి వీపు వైపు నుంచి ఉండాలి, సీసం పొగ మనిషి మీదికి రాకూడదు, అమ్మ దరిదాపుల్లో ఉండకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగందే ఎవరూ బీడీ ముట్టుకోకూడదు, కంచం ముట్టుకోకూడదు. ఆయన చెంబు పట్టుకుని యూసుఫ్ చేతుల మీద నీళ్లు పోసేవాడు. గోళ్లు కూడా రుద్దుకోమనేవాడు. తర్వాత ఇద్దరూ వంటింట్లో పక్కపక్కన కూర్చుని, జాలరిపేట నుంచి గంప తెచ్చే ఆమె దగ్గర అమ్మ తీసుకున్న రొయ్యలు వండితే తినేవాళ్లు. సహపంక్తి భోజనాల మీద ఊరూరా ఉపన్యసించిన నేను, చదువుకోవాలని చెప్పి కంచం పట్టుకుని గదిలోకి వెళ్లేవాణ్ని. అతని మతం నాకు అడ్డు కాదని నాకు నేను రుజువు చేసుకున్నాను. నిజంగానే కాదు. అతను ఏ కులంవాడైనా, మా అమ్మ కడుపున పుట్టినవాడైనా అంతే ద్వేషించేవాణ్ని. అప్పట్లో ఆ సంగతి నాకు గర్వకారణంగా కూడా తోచింది.

అతనికి ఇదేమీ పట్టేది కాదు. గది గుమ్మంలో తల పెట్టి, "ఏటి బావా, ఇంకా సదువుతున్నావా? కళ్లు పోతాయి, ఇలాగొచ్చి కూకో" అనేవాడు. ఊళ్లో ఒకే ఈడు మగవాళ్లందరూ ఒకరినొకరు బావా అనుకుంటారు, అందులో విశేషం లేదు. మా నాన్నను అతను బాబాయ్ అనేవాడు, అందులోనే నాకు మండేది. మా నాన్న ఒకసారి అతణ్ని "నీకు పుస్తకాలంటే ఇష్టం లేదేంట్రా?" అని అడిగితే, "ఇంట్లో ఒకడు సదువుతున్నాడు గదా బాబాయ్, సాలదేటి?" అన్నాడు. మా నాన్న పగలబడి నవ్వాడు. ఆ నవ్వు నేను అంతకుముందు వినలేదు.

ఒక ఆదివారం అమ్మ సింహాచలం వెళ్లాలంది. నేను గుళ్లకు వెళ్లను, ఇంట్లో అందరికీ తెలుసు. పొద్దున్నే యూసుఫ్ వచ్చి చూసేసరికి రేడియేటర్ కింద తడి. వాళ్లేదో మాట్లాడుకున్నారు, నాకు వినబడలేదు. అమ్మ లోపలికి వచ్చి వంటింట్లో డబ్బాలు వెతికింది. అక్కడ దొరక్క, దేవుడి గూట్లోంచి పసుపు బరిణె తీసుకెళ్లింది. యూసుఫ్ మూత తీసి, చెంచాడు పసుపు నీళ్లలో కలిపి రేడియేటర్‌లో పోశాడు. ఇంజన్ తిప్పాక అమ్మ కారు వైపు తిరిగి చేతులు జోడించింది. మా నాన్న అభ్యంతరం చెప్పకుండా నిలబడ్డాడు. నేను కిటికీలోంచి ఇదంతా చూశాను. బయటికి వెళ్లి ఇదేమిటని అడిగితే అర నిమిషం పట్టేది. కానీ యూసుఫ్ చేతుల్లో ఉన్న ఒక విషయం గురించి మా నాన్న ఎదుట యూసుఫ్‌ను అడగడం నావల్ల కాలేదు.

దానికి బదులు వ్యాసం రాశాను. జీవితమంతా యంత్రాలతో గడిపిన కార్మికుడు ఒకడు, విగ్రహారాధన నిషిద్ధమైన మతంలో పుట్టిన పనివాడు ఒకడు, ఇద్దరూ కలిసి ఇనుప దేవతకు పసుపు నైవేద్యం పెట్టిన వైనం. మూఢనమ్మకానికి మతభేదం లేదని ముగింపు. పేర్లు రాయలేదు, కానీ మా వీధిలో ఎవరికైనా అర్థమవుతుంది. మా మాసపత్రికలో వచ్చింది. నేను రాసినవాటిలో అంతగా మెచ్చుకోలు పొందింది అంతకుముందు లేదు. కసితో రాసినందువల్ల వాక్యాలకు పదునెక్కింది. ఆ పదునును అందరూ సత్యమనుకున్నారు. అదే అంశం మీద మాట్లాడమని ఒక ఆదివారం మధ్యాహ్నం సభ పెట్టారు. ఇంట్లో సభ సంగతి చెప్పాను, అంశం చెప్పలేదు. మా నాన్న పత్రికలు చదవడనుకున్నాను.

హాలు నిండింది. ముప్పావుగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ప్రశ్నలు అడగవచ్చని అధ్యక్షుడు అన్నాక, మధ్య వరసలోంచి ఒక లారీ డ్రైవరు లేచాడు.

"బాబూ, పసుపు ఏసాక లీకు ఆగిందా, ఆగనేదా?"

"పసుపు వెయ్యకపోయినా కారు వెళ్లేది" అన్నాను.

"అది కాదు నాను అడిగింది. లీకు ఆగిందా?"

నాకు తెలియదు. నేను చూడలేదు. వాళ్లు కొండ ఎక్కి దిగి వచ్చాక కారు కిందకు వంగి చూడాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఆయనే చెప్పాడు. "సన్న సిల్లుంటే పసుపేత్తాం. ఏడినీళ్లకి ఉబ్బి సిల్లులో కూకుంటాది. షెడ్డుకు ఎల్లేదాకా లాగుతాది. తరవాత కడిగేయాల, నేకపోతే గొట్టాలు మూసుకుపోతాయి. లారీవోళ్లని ఎవుల్నడిగినా సెప్తారు. దేవుడెందుకొచ్చాడు మజ్జిన?"

హాలంతా నవ్వింది. శత్రువుల నవ్వు కాదు, నా వాళ్ల నవ్వే. ఆ నవ్వుల మీదుగా చివరి వరస కనిపించింది. మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పక్కన యూసుఫ్. నవ్వనివాళ్లు వాళ్లిద్దరే. యూసుఫ్‌కు ఆ జవాబు ముందునుంచీ తెలుసు. లేచి ఒక్క మాట అంటే నేను అక్కడే కూలిపోయేవాణ్ని. అనలేదు. అతను నన్ను ఓడించి ఉంటే క్షమించేవాణ్నేమో.

ముగ్గురం కారులో బయలుదేరాం. ముందు సీట్లో యూసుఫ్, వెనక నేను. మా నాన్న నడుపుతున్నాడు. పొద్దు వాలుతోంది. ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే సూది లేచింది, ఆవిరి మొదలైంది. పసుపు వేసిన రోజే "వారం లోపు కడిగేద్దారి బాబాయ్" అని యూసుఫ్ చెప్పాడట. షిఫ్టులు మారి ఈ వారం ఆ వారం అంటూ దాటిపోయింది. నాకదంతా తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తెలిసింది ఒక్కటే, నేను ఓడిపోలేదు. "చూశారా మీ పసుపు ఏం చేసిందో" అన్నాను. కారు ఇంకా పూర్తిగా ఆగలేదు, నేను దిగాను. మూత తీసి, పసుపు ముద్ద చేత్తో తీసి వాళ్లిద్దరికీ చూపించాలి. బానెట్ ఎత్తాను. జేబురుమాలు చేతికి చుట్టుకున్నాను.

"ముట్టుకోకురా" అని మా నాన్న అరవడం విన్నాను. వినే మూత తిప్పాను. యూసుఫ్ నా భుజం పట్టి పక్కకు విసిరాడు. మూత తిరిగిపోయింది. పసుప్పచ్చటి నీళ్లు మనిషెత్తున లేచి, నా ముఖం ఉండవలసిన చోట ఉన్న అతని కుడిచేతి మీద పడ్డాయి.

మా నాన్న అతన్ని రోడ్డు పక్కన కూర్చోబెట్టి, డిక్కీలోంచి డబ్బా తెచ్చి ఆ చల్లటి నీళ్లు చేతి మీద సన్నటి ధారగా పోస్తూనే ఉన్నాడు. ఆగిన ఆటోవాడెవడో సిరా రాయమన్నాడు, ఇంకొకడు పళ్లపేస్టు అన్నాడు. "ఏమీ రాయొద్దు. నీళ్లే. ఇంకో డబ్బా పట్రండి" అన్నాడు మా నాన్న. నా వైపు చూడలేదు. "ఏటీ కానేదు బాబాయ్, ఏటీ కానేదు" అని యూసుఫ్ వణుకుతూ అంటున్నాడు. తర్వాత ఆటోలో పెద్దాసుపత్రికి వాళ్లిద్దరూ వెళ్లారు. నేను కారు దగ్గర కాపలా ఉన్నాను.

ఆ చెయ్యి మానడానికి చాలా వారాలు పట్టింది. ఆ వారాల్లో మా నాన్న షిఫ్టు దిగి తిన్నగా పాతనగరం వెళ్లేవాడు. యూసుఫ్ బల్ల మీద కూర్చుని చెబుతుంటే అతని వంతు మాట్లు తాను వేసేవాడు, దుకాణంలో పని ఆగకూడదని. రాత్రి భోజనానికి వచ్చేసరికి ఆయన వేళ్లకు యాసిడ్ మచ్చలు ఉండేవి. ఇప్పుడు నేను రాయబోయే వాక్యం కోసమే నా ఆత్మకథలో ఈ అధ్యాయం మొదలుపెట్టాను. నాకు అప్పుడు పశ్చాత్తాపం కలిగింది, నిజమే. దానికంటే ముందు, దానికంటే లోతుగా, ఆ కాలిన చెయ్యి నాదై ఉంటే బాగుండేదనిపించింది. అతను నన్ను కాపాడకుండా ఉంటే మా నాన్న నా పక్కన కూర్చునేవాడు, ఆ నీళ్ల ధార నా మీద పోసేవాడు. నన్ను మింగబోయిన నీళ్లను కూడా అతను నా దగ్గరినుంచి లాక్కున్నాడు. ఒక మనిషి తన ముఖాన్ని కాపాడినవాడి మీద ఇలా అనుకోగలడా అని పాఠకులు అడగవచ్చు. అనుకోగలడు. నేను సాక్షిని.

ఒకరోజు అన్నం తింటూ మా నాన్న ఆ సంగతి ఎత్తాడు. ఎత్తింది ఒక్కసారే. "నువ్వు రాసింది చదివాను. అచ్చులో రాశావు, దిద్దేది కూడా అచ్చులోనే దిద్దు." తర్వాతి సంచికలో దిద్దుబాటు రాశాను. పసుపు పూజ కాదని, తాత్కాలిక మరమ్మతని, చూడకుండా అడగకుండా రాశానని, ఆ పనివాడు నా అజ్ఞానానికి చేతిని మూల్యంగా ఇచ్చాడని. మిత్రులు ఇది ఉద్యమానికి చెరుపని కోప్పడ్డారు. మా నాన్న ఏమీ అనలేదు. చదివాడో లేదో కూడా తెలియదు. కొన్నాళ్లకు ఆయన రిటైరయ్యాడు, కారు అమ్మేశాడు, మేం క్వార్టర్సు వదిలాం. ఆయన పోయినప్పుడు యూసుఫ్ వచ్చి గుమ్మం బయట చాలాసేపు నిలబడి వెళ్లాడని తర్వాత ఎవరో చెప్పారు. నేను లోపల ఉన్నాను.

పోయిన నెల అచ్యుతాపురం రోడ్డులో ఆ దుకాణం దగ్గర కారు ఆపితే, అతను కళ్లజోడు పైకి తోసి చూసి, "బావా" అన్నాడు. కుడి ముంజేయి మీద తెల్లమచ్చ మోచేతిదాకా ఉంది. షోరూమువాళ్లు కాదన్న యూనిట్‌ను విప్పి, ప్లాస్టిక్ ట్యాంకు చుట్టూ ఉన్న అల్యూమినియం అంచు పళ్లను ఒక్కొక్కటిగా లేపి, మధ్యలో పెళుసెక్కిన రబ్బరు తీసి చూపించాడు. "ఇదే బావా రోగం" అని నవ్వాడు. కొత్త రబ్బరు పెట్టి పళ్లు మళ్లీ నొక్కాడు. ఇప్పుడు సీసం లేదు, మంట లేదు, రేడియేటర్‌లో పోసే రంగు నీళ్లు కూడా సీసాల్లో వస్తున్నాయి. రాగి ఇత్తడి రోజుల్లో ప్రతి రేడియేటర్‌కూ ఎక్కడో ఒక మనిషి చేతి గుర్తు ఉండేదని, ఇప్పుడు పారేయడానికే చేస్తున్నారని అతను అంటుంటే, పారేసే రోజుల్లోనూ బాగుచేసి బతుకుతున్న అతని చేతుల్ని చూశాను. నా వేళ్లు కలం పట్టుకుంటే ఈ మధ్య వణుకుతున్నాయి. అతనివి వణకడం లేదు.

నా తప్పుకు క్షమించమని అడగాలని నోరు తెరిచాను. అతనే ముందు అన్నాడు. "నువ్వు దిద్ది రాసింది బాబాయ్ మా కొట్లో కూకుని సదివి ఇనిపించారు, ఎరుగుదువా?"

"ఎప్పుడు?"

"నా కట్టు ఇప్పిన రోజు. రెండుసార్లు సదివారు. 'మావోడు తప్పు చేశానని నలుగురిలో ఒప్పుకున్నాడురా యూసుఫూ. నా సర్వీసులో నేను చేసిన తప్పులు ఇంకొకళ్ల మీదకి పోతుంటే నోరు మూసుకున్నాను. వాడికున్న గుండె నాకు లేదు' అన్నారు. కళ్లమ్మట నీళ్లెట్టుకున్నారు."

"నాతో అనలేదు."

"ఎలాగంటారు బావా. నువ్వు తలుపేసుకునుండేవోడివి గదా."

కారు తీసుకుని వచ్చేశాను. దారంతా సంతోషించాలని ప్రయత్నించాను. మా నాన్న నా గురించి అన్న ఆ మాట నాది, నాకు చెందవలసింది. దాన్ని ముప్పై ఏళ్లు ఇతను దాచుకున్నాడు. మా నాన్న కన్నీళ్లు చూసిన కళ్లు ఇతనివి. ఆయన గొంతులో ఆ వాక్యం ఎలా పలికిందో, ఏ మాట దగ్గర ఆగాడో ఇతనికి తెలుసు, నాకు ఎప్పటికీ తెలియదు. ప్రశంస దొరికితే అసూయ తీరుతుందనుకునేవాణ్ని. దొరికింది, అతని చేతిమీదుగా దొరికింది. ఇంకా ఎన్ని మాటలు అతని దగ్గరున్నాయో అన్న లెక్క మొదలైంది.

కారుకు ఇప్పుడు ఏ జబ్బూ లేదు. యారాడ కొండ రెండుసార్లు ఎక్కి చూశాను, సూది కదలలేదు. నిన్న మళ్లీ యూసుఫ్ దుకాణానికి వెళ్లాను. కారు వేడెక్కుతోందని చెప్పాను. అసత్యం మీద ఇన్నేళ్లు పోరాడినవాణ్ని, అంత తేలిగ్గా చెప్పగలిగాను. అతను వంగి సూది చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. బానెట్ ఎత్తలేదు. లోపల్నుంచి ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు.

"పోర్టులో పెద్ద క్రేను ఆగిపోతే బాబాయ్ ఏటి సేసారో నీకు సెప్పినారా ఎప్పుడైనా?" అన్నాడు.

లేదన్నాను. చెప్పమన్నాను.